హంతకుడికి గ్రీకు చుట్టాలు

గ్రీకులో దేవుణ్ణి ‘థెయోస్’ అంటారు. మన ‘దేవ’ శబ్దమే అక్కడికెళ్లి అలా మారిందని మా లాయర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. ఆ రెండిటికీ ఏ సంబంధమూ లేదు. వినడానికి దగ్గరగా ఉంటాయి, అంతే. అదే గ్రీకులో హత్యను ‘ఫొనొస్’ అంటారు. అది వినగానే ‘హత్య’ గుర్తొచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. చుట్టరికం ఉన్నది మాత్రం ఇక్కడే.

నేను కాకినాడలో క్రిమినల్ కేసులు చేసే అడ్వకేట్‌ని. పగలంతా చార్జిషీట్లు, గాయాల సర్టిఫికెట్లు. రాత్రి భోజనాలయ్యాక పాత గ్రీకు. ‘రాత్రి కూడా హత్యలేనా’ అంటుంది మా ఆవిడ. ఇలియడ్ కావ్యం చెప్పిన హోమర్‌ని పట్టుకున్నాక తప్పుతుందా! ‘చంపాడు’ అనడానికి ఆయన దగ్గరున్నన్ని మాటలు మా ఎఫ్ఐఆర్ రాసేవాళ్ల దగ్గర లేవు.

ఫొనొస్‌కీ హత్యకీ, గ్రీకు, సంస్కృతం రెండూ పుట్టిన పాత భాషలో మూలధాతువు ‘గ్వ్హెన్’ అని భాషాశాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కొట్టు, చంపు అని అర్థం. మొదట్లో ఉన్న ఆ చిక్కు హల్లు గ్రీకులో తన పక్కనున్న శబ్దాన్ని బట్టి వేషం మారుస్తుంది. ‘ఎ’ ముందు ‘థ’ అవుతుంది: థెయినో, అంటే కొడతాను. ‘ఒ’ ముందు, ‘న’ ముందు ‘ఫ’ అవుతుంది: ఫొనొస్, ఎపెఫ్నె (చంపాడు). ఈ ‘ఫ’ని ‘ఫ్యాను’లో లాగా కాదు, ఒత్తు పెట్టిన ‘ప’లా పలకాలి. సంస్కృతంలోనూ సరిగ్గా అక్కడే మార్పు జరిగింది. ‘హంతి’ అంటే చంపుతాడు, ‘ఘ్నంతి’ అంటే చంపుతారు. గ్రీకులో ‘థ’ వచ్చే చోట మనకు ‘హ’, ‘ఫ’ వచ్చే చోట మనకు ‘ఘ’. టర్కీలో దొరికిన, హిట్టైట్ అనే పాత భాషలో రాసిన మట్టి పలకల మీద ఇదే జంట ‘కువెన్‌జి, కునన్‌జి’ అని కనిపిస్తుంది. పోలిక ఎవరికైనా కనబడుతుంది. ఇలా ప్రతిచోటా ఒకే నియమం ప్రకారం కుదిరితేనే నేను దాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటాను.

నమకం విన్నవాళ్లకు ఈ రెండు వేషాలూ తెలుసు. ఎనిమిదో అనువాకంలో ‘నమో హంత్రే చ హనీయసే చ’ (చంపేవాడికీ, మరింతగా చంపేవాడికీ నమస్కారం) అని ‘హ’తో వస్తుంది. పదో అనువాకంలో ‘ఆరాత్తే గోఘ్న ఉత పూరుషఘ్నే’ అని ‘ఘ’తో వస్తుంది. ఆవుల్ని, మనుషుల్ని చంపే నీ ఆయుధం మాకు దూరంగా ఉండుగాక అని రుద్రుణ్ణి వేడుకోవడం. ఆ ‘పూరుషఘ్న’కు గ్రీకు జోడీ ‘అండ్రొఫొనొస్’, మనుషుల్ని చంపేవాడు. ట్రాయ్ యుద్ధం కథైన ఇలియడ్‌లో ఎక్కువగా ట్రాయ్ వీరుడు హెక్టర్‌కి వాడే విశేషణం అది. కానీ ఇరవై నాలుగో సర్గలో హోమర్ దాన్ని తీసుకెళ్లి, హెక్టర్‌ని చంపిన గ్రీకు వీరుడు అకిలీజ్ చేతులకు తగిలిస్తాడు. హెక్టర్ శవాన్ని అడుక్కోవడానికి అతని తండ్రి, ముసలి ప్రియమ్, శత్రువు గుడారంలోకి వస్తాడు. వచ్చి, తన కొడుకుల్ని ఎందరినో చంపిన ఆ ‘అండ్రొఫొనొస్’ చేతుల్ని ముద్దు పెట్టుకుంటాడు. కొడుకు బిరుదు కొడుకుని చంపినవాడి చేతులకు చేరింది. ఇంతకంటే ఘోరమైన చోట ఒక విశేషణాన్ని వాడిన కవి నాకు తెలిసి లేడు.

మనకేమో ఆ ‘ఘ్న’ శత్రుఘ్నుడిలోనూ కృతఘ్నుడిలోనూ ఇంట్లో మనిషిలా తిరుగుతోంది.

రెండో మాట ‘క్తెయినో’, చంపుతాను. దీని చుట్టం సంస్కృతంలో గాయపరచడం దగ్గరే ఆగిపోయింది. ‘క్షత’ అంటే దెబ్బ తగిలిన అని. రోడ్డు ప్రమాదం వార్తలో ‘క్షతగాత్రులు’, పెళ్లిలో ‘అక్షతలు’, అంటే విరగని బియ్యం, రెండూ దీని బాపతే. క్షయ వ్యాధి కూడా ఇందులోదే అనుకోకండి. అది వేరే ధాతువు. గ్రీకులో ‘ఫ్థినో’, క్షీణించడం. గ్రీకు వైద్యులు కూడా ఆ జబ్బును ‘ఫ్థిసిస్’ అనే పిలిచారు.

ఏథెన్స్‌లో క్రీ.పూ. 621 ప్రాంతంలో డ్రాకో అనే శాసనకర్త రాసిన నరహత్య చట్టం ఈ క్తెయినో క్రియనే వాడుతుంది. క్రీ.పూ. 409-408లో దాన్ని మళ్లీ రాతి మీద చెక్కించారు. ఆ రాయి ఇప్పటికీ ఏథెన్స్ శాసనాల మ్యూజియంలో ఉంది. ముందస్తు ఆలోచన లేకుండా చంపినా సరే దేశం విడిచి పోవాలి అని మొదలవుతుంది. ‘పోవాలి’ అనడానికి వాడిన ‘ఫెయుగెయిన్’ అంటే పారిపోవడం. కోర్టులో ముద్దాయిని పిలిచేదీ ఆ క్రియతోనే, పారిపోయేవాడు అని. కేసు వేసినవాడు తరిమేవాడు. చచ్చినవాడి తండ్రి, అన్నదమ్ములు, కొడుకులు అందరూ ఒప్పుకుంటే రాజీ కుదురుతుంది. ఒక్కడు కాదన్నా ఆ ఒక్కడి మాటే చెల్లుతుంది. మన దగ్గర హత్య కేసుకు అసలు రాజీయే లేదు.

ఇక పగ. హోమర్‌లో శత్రువుకు ‘దుస్మెనేస్’ అనే మాట ఉంది. చెడ్డ మనసు గలవాడు అని. అక్షరాలా సంస్కృతం ‘దుర్మనస్’. ఇదే మాట పారసీకంలో ‘దుష్మన్’ అయి, ఉర్దూ మీదుగా హైదరాబాద్ దాకా వచ్చింది.

మామూలుగా వాడే మాట ‘ఎఖ్థ్రొస్’. యుద్ధంలో ఎదుటి పక్షంవాడు ‘పొలెమియొస్’, సొంత పగ ఉన్నవాడు ఎఖ్థ్రొస్. ‘బయట’ అనే అర్థమున్న ధాతువు నుంచి, అంటే బయటివాడు అనే అర్థంలో పుట్టిందని ఒక వాదన. నాకు అంత సులువుగా మింగుడు పడదు. పాతకక్షల కేసుల్లో నేను చూసిన ముద్దాయిలు గట్టు పక్కవాళ్లు, పెదనాన్న కొడుకులు.

ఆ పగను ‘ఎఖ్థ్ర’ అంటారు. భార్య ప్రియుణ్ణి ఇంట్లో పట్టుకుని చంపిన యూఫిలేటస్ అనే ఏథెన్స్‌వాడి కోసం, కోర్టు ప్రసంగాలు రాసిచ్చే లైసియాస్ రాసిన వాదనలో ఈ మాట మొదట్లోనే వస్తుంది. ‘అతనికీ నాకూ ఇది తప్ప వేరే పగ ఏమీ లేదు’ అంటాడు ముద్దాయి. చంపలేదని బుకాయించడు. పాతకక్ష అనే మోటివ్‌ను మాత్రం మొదట్లోనే కొట్టేస్తాడు. నేనైతే ఆ ‘ఇది తప్ప’ను వాదనలో ఇంకాస్త వెనక్కి జరిపేవాణ్ణి.