డొరొతీ ఆర్జ్‌నర్: కత్తెర నుంచి మెగాఫోన్ దాకా

డొరొతీ ఆర్జ్‌నర్ పేరు రాగానే 'ఆ రోజుల్లో హాలీవుడ్‌లో నిలదొక్కుకున్న లేడీ డైరెక్టర్' అనేసి ఊరుకుంటారు. అంతకుముందు ఆవిడ ఎడిటర్. నన్నడిగితే ఆ దర్శకత్వం అర్థం కావాలంటే కటింగ్ రూములోంచే రావాలి.

1919లో ఫేమస్ ప్లేయర్స్-లాస్కీ స్టూడియోలో స్క్రిప్టులు టైపు చేసే పనిలో చేరింది. అదే తర్వాత పారమౌంట్ అయింది. కొద్దికాలానికే సెట్లో కంటిన్యుటీ, అంటే షాటుకీ షాటుకీ తేడా రాకుండా చూసుకునే పని, అక్కణ్ణుంచి కూర్పు, అదే ఎడిటింగ్. కూర్పంటే కుట్టుపనికి చుట్టమనుకునే రోజులు కాబట్టి ఆడవాళ్ళకి ఆ తలుపు కాస్త తెరిచే ఉండేది.

ఫిల్మును కదిలిస్తూ చూసి కత్తిరించుకునే యంత్రం మూవియోలా వచ్చింది 1924లో. అంతకుముందు 35 ఎం.ఎం. ప్రింటును వెలుతురుకి ఎత్తిపట్టి భూతద్దంలో చూసుకోవడమే. అడుగుకి 16 ఫ్రేములు. కదలిక కనపడదు, ఫిల్మును వేళ్ళతో లాగుతూ నిడివి ఊహించుకోవాలి. అతకడం ఇంకో తంటా. ఒక ముక్క చివర ఎమల్షన్, అంటే బొమ్మ పడే పైపూత, గీకేసి, సిమెంట్ రాసి, రెండో ముక్క అదిమిపెట్టాలి. ఆ సిమెంట్ మామూలు జిగురు కాదు, ఫిల్ము బేస్‌నే కరిగించి కలిపేస్తుంది. ఎమల్షన్ కాస్త మిగిలిపోయినా అతుకు పట్టదు, ప్రొజెక్టర్లో ఊడుతుంది. పైగా అది నైట్రేట్ ఫిల్ము, నిప్పు తగిలితే అంతే.

'బ్లడ్ అండ్ శాండ్' 1922 నాటిది. అందులో ఎద్దుతో పోరు కోసం ఖరీదైన ట్రిక్ షాట్లు తీయకుండా, అసలు పోరాటాల స్టాక్ ఫుటేజ్‌లోకి, అంటే ముందే తీసి ఉన్న ఫిల్ములోకి, హీరో వాలెంటినో క్లోజప్పులు కలిపేసింది. చెప్పినంత తేలిక కాదు. ఎద్దు ఎడమ నుంచి కుడికి దూకితే హీరో చూపు ఎడమవైపే ఉండాలి, ఎండ పడే వైపూ కలవాలి. ఒక్కటి తప్పినా ఇద్దరూ వేరువేరు ఊళ్ళలో ఉన్నట్టుంటారు. ఆ పని చూసే దర్శకుడు జేమ్స్ క్రూజ్ 'ది కవర్డ్ వాగన్' కూర్పు అప్పగించాడు.

దర్శకత్వం మాత్రం ఊరికే రాలేదు. వేరే స్టూడియో కొలంబియాకి వెళ్ళిపోతానన్నాకే పారమౌంట్ దిగొచ్చింది. 1927లో 'ఫ్యాషన్స్ ఫర్ విమెన్' అలా వచ్చింది.

1929లో 'ది వైల్డ్ పార్టీ', నటి క్లారా బో తొలి టాకీ. మైకు ఒకచోట కదలకుండా ఉండేది, ఆమేమో ఒకచోట నిలబడే మనిషి కాదు. మైకు దగ్గరే నిలబెడితే నటన చచ్చిపోతుంది. అందుకని మైకుని గాలపు కర్రకి కట్టించి, ఆమె నెత్తిమీదుగా వెంట తిప్పించింది ఆర్జ్‌నర్. బూమ్ మైకు అక్కడే పుట్టిందంటారు కానీ, అలాంటి 'మొదటి' వాదనలు ఆ ఏళ్ళలో చాలానే ఉన్నాయి.

1943లో 'ఫస్ట్ కమ్స్ కరేజ్' మధ్యలో జబ్బుపడింది, మిగతాది చార్ల్స్ విడార్ పూర్తిచేశాడు. మళ్ళీ ఫీచర్ తీయలేదు. 60ల్లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది, 'గాడ్‌ఫాదర్' తీసిన కొపొలా ఆవిడ విద్యార్థే.

ఆవిడలోని ఎడిటర్ని చూడాలంటే 'డాన్స్, గర్ల్, డాన్స్' వెతకండి, 1940. మౌరీన్ ఓహారా డాన్స్ ఆపేసి, వెక్కిరిస్తున్న ప్రేక్షకులకే ఎదురుతిరిగి కడిగేస్తుంది. కెమెరా వాళ్ళ మొహాలమీదికి వెళ్తుంది. అంతదాకా చూస్తున్నవాళ్ళు ఇప్పుడు చూడబడుతున్నారు, సీట్లలో ఇబ్బందిగా కదులుతున్నారు. ఆ తర్వాతగానీ మొదటి చప్పట్లు పడవు, అవి కూడా ఒక ఆడమనిషివి.