మూడు వెబ్‌సైట్లు, పరాయి చేతిలో తాళంచెవి: నా అనుభవం

నిన్నటితో పీడ వదిలింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. రెండు వారాలు పోతే నేనే ‘పోనీలే’ అనుకుంటాను, అలా అనుకోవడం నాకు ఇష్టం లేదు.

నాది కావలిలో చిన్న జెరాక్స్, డీటీపీ షాపు. మా నాయన ఆర్టీసీ కండక్టరు. సంచిలో పడిన చిల్లరలో ఏదైనా కొత్తగా కనిపిస్తే తన జేబులో డబ్బు అందులో వేసి ఆ నాణెం ఇంటికి తెచ్చేవాడు. నయాపైసలు, 1968లో వచ్చిన తామరపువ్వు ఇరవై పైసలు, రెండు హార్లిక్స్ సీసాల నిండా ఉన్నాయి. చిల్లు కానీలు మాత్రం మా అవ్వ పెట్టెలోవి. నాయన పోయాక ఆ సీసాలు నా దగ్గరకొచ్చాయి. వాటి గురించి తెలుగులో వివరంగా రాసిన చోటు ఎంత వెతికినా కనపడలేదు. సరే, నేనే రాద్దామనుకున్నాను. మా బావమరిది సూళ్లూరుపేటలో ఉద్యోగం చేస్తాడు, సెలవు దొరికితే కెమెరా మెడలో వేసుకుని నేలపట్టుకో పులికాట్‌కో పోతాడు. ‘బావా, నా పక్షులకు కూడా ఒకటి పెట్టు’ అన్నాడు. మా ఆవిడకు మిద్దె తోట ప్రాణం. అలా మూడు సైట్లయ్యాయి: నాణేలు, పక్షులు, మిద్దె తోట. మూడూ కలిపి ఒకటే పెట్టొచ్చు గదా అని చాలామంది అడిగారు. నాణెం కోసం వచ్చినవాడికి వంకాయ తెగులు ఎందుకండీ? విడివిడిగా పెట్టడమే మంచిదని ఇప్పటికీ అంటాను.

అప్పటికి నాకు వెబ్‌సైట్ల సంగతి ఏమీ తెలియదు. నెల్లూరులో సైట్లు చేసిపెట్టే ఒకాయన ఉన్నాడని తెలిసినవాళ్ళు చెబితే వెళ్ళాను. మూడింటికీ పేర్లు (వీటినే డొమైన్లంటారు), హోస్టింగు (సైటు ఫైళ్ళు ఉంచే అద్దె చోటు), డిజైను కలిపి 24,000 అన్నాడు. ఫోన్‌లోనే డబ్బు పంపాను. పది రోజుల్లో సైట్లు తయారయ్యాయి. సైటు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌కు లాగిన్ ఇచ్చాడు. అక్కడివరకూ నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మొదటి దెబ్బ నా వృత్తి నుంచే తగిలింది. నాణేల మీద అప్పటికే 43 వ్యాసాలు టైపు చేసిపెట్టుకున్నాను, అన్నీ డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్లలో. సైటులో పేస్టు చేస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ కలగాపులగంగా పడ్డాయి. అను ఫాంట్లలో కంప్యూటర్ దృష్టికి ఉన్నది తెలుగు అక్షరం కాదు, వేరే అక్షరం మీద తెలుగు బొమ్మ తొడిగారంతే. ఆ ఫాంటు లేని చోట తొడుగు ఊడిపోతుంది. వెబ్‌కు యూనికోడ్ కావాలి, అంటే తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే గుర్తించే పద్ధతి. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర తడబడతాయి, ‘క్ష’ ఒకచోట సరిగ్గా వస్తే ఇంకోచోట విరుగుతుంది. నేను మార్పించలేదు. 43 వ్యాసాలూ మళ్ళీ కొట్టాను, షాపు మూశాక రోజూ రాత్రి, 19 రోజుల్లో. ఈ విషయంలో గర్వంగానే చెబుతాను, తెలుగు టైపింగులో నాకు తిరుగు లేదు. డీటీపీ వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: యాపిల్ కీబోర్డు (అను ఫాంట్లకు వాడే కీల వరస) అలవాటు మానుకోవడం కష్టమే. అయినా ఇవాళే ఇన్‌స్క్రిప్ట్ (యూనికోడ్ తెలుగుకు వాడే కీల వరస) మొదలుపెట్టండి.

తర్వాతవన్నీ సులువే. ఒక్కో ఫొటో ఆరు ఎంబీ ఉంటే రెండు వందల కేబీకి తగ్గించడం నేర్చుకున్నాను. మా బావమరిది గూడబాతుల ఫొటోలు, నత్తగుల్ల కొంగల ఫొటోలు వరసగా పెట్టాం. నేలపట్టు, సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయాయి. పోతే పోయాయి, మాకు అవి నెల్లూరు పక్షులే.

నాణేల సైటుకు ఫోన్లు రావడం మొదలైంది. పదిలో ఎనిమిది ఫోన్లు ఒకటే ప్రశ్న: ‘వైష్ణోదేవి బొమ్మున్న పది రూపాయల నాణెం ఉంది, లక్షలు ఇస్తారంట గదా?’ ఎవరూ ఇవ్వరండీ. అది 2012లో విడుదలైన నాణెం, దండిగా చలామణిలో ఉంది. పాత నాణేలు కొంటామంటూ తన పేరు చెప్పి కమీషన్లు అడిగే మోసగాళ్ళను నమ్మొద్దని రిజర్వు బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. ఒక పెద్దాయన అప్పటికే ‘ఫైల్ చార్జీ’ కింద నాలుగు వేలు కట్టి నాకు ఫోన్ చేశాడు. ఆ రోజు అన్నం సహించలేదు. ఆ రాత్రే నాణెం మీద సంవత్సరం కింద ముద్ర చూసి టంకశాల ఎలా గుర్తుపట్టాలో రాశాను: నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా. మా సైటులో ఎక్కువమంది చదివింది అదే.

ఏడాది నిండటానికి నెల ముందు నెల్లూరు ఆయన దగ్గర నుంచి వాట్సాప్ వచ్చింది. రెన్యువల్ ఒక్కో సైటుకు 9,500. మూడింటికి 28,500. సైట్లు కట్టడానికి అయినదానికంటే రెన్యువల్ ఎక్కువ! డాట్ కామ్ పేరుకు ఏడాదికి వెయ్యి పైచిలుకు అవుతుందని అప్పటికి నాకు తెలిసింది. వివరంగా బిల్లు ఇమ్మంటే జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. హూయిజ్ అని వెతికే సదుపాయం ఉంటుంది. అందులో మా పేర్లు కొట్టి చూస్తే గడువు తేదీ, పేరు నమోదు చేసిన కంపెనీ కనిపించాయి. యజమాని పేరు ఉండాల్సిన చోట దాచిపెట్టినట్టు ఉంది. ఆ కాగితం ప్రింటు తీసుకుని బస్సెక్కాను.

ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీ చూపించారు. సార్ మీటింగులో ఉన్నారు అన్నారు. పదకొండున్నరకు కూర్చున్నాను. నా తర్వాత వచ్చినవాళ్ళు ముగ్గురు లోపలికి వెళ్ళి వచ్చేశారు. ఎదురుగా గోడ మీద వాళ్ళు చేసిన సైట్ల ఫొటోలు ఫ్రేము కట్టి పెట్టుకున్నారు. రెండో వరసలో మాది! మా అవ్వ చిల్లు కానీ ఫొటో. మా ఆవిడ పసుపు రంగు జాకెట్టు గుడ్డ మీద పెట్టి, కిటికీ వెలుతురులో నేను తీసిన ఫొటో. 1943 నుంచి 1947 దాకా కొట్టిన కానీ అది, రాగి పొదుపు చేయడానికి నడుమ చిల్లు పెట్టారు. అణాకు నాలుగు కానులు. నా సైటు వాళ్ళ గోడకెక్కింది, నేను మాత్రం గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాను.

ఒకటిన్నరకు పిలిచారు.

‘డొమైన్లు నా పేరు మీదకు మార్చండి సార్, రెన్యువల్ నేనే కట్టుకుంటాను’ అన్నాను.

‘డొమైన్లు మా అకౌంటులోనే ఉంటాయి. అందరివీ అంతే.’

‘పేర్లు నావి గదా సార్?’

‘పేర్లు మీవే, అకౌంటు మాది. కావాలంటే ఒక్కోదానికి పదిహేను వేలు కట్టండి, ట్రాన్స్‌ఫర్ చేయిస్తా.’

ఆథ్ కోడ్ (పేరును వేరే కంపెనీకి మార్చుకోవడానికి కావాల్సిన రహస్య సంకేతం) ఇస్తే నేనే మార్చుకుంటానన్నాను. ఆ మాట నా నోట విని ఆయన నవ్వాడు. పక్కన ఇద్దరు అమ్మాయిలు పని చేసుకుంటున్నారు, వాళ్ళకూ వినపడేలా అన్నాడు: ‘ఇవన్నీ మీకెందుకన్నా, జెరాక్స్ షాపు చూసుకోక.’

కోపం రాలేదు ఆ క్షణంలో. ముఖం వేడెక్కింది, చేతిలో కాగితం మడతపెట్టాను, వచ్చేశాను. బస్సులో కావలి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. జెరాక్స్ షాపుతోనే ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను, అందులో చిన్నతనం ఏముంది? ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా లోపల మండుతూనే ఉంది.

ఇంటికొచ్చి ఆ రాత్రే చేసిన పని నన్ను కాపాడింది. లాగిన్ ఇంకా పనిచేస్తోంది. బ్యాకప్ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) వేసి మూడు సైట్లూ, ఫొటోలతో సహా, నా హార్డ్ డిస్కులోకి దించుకున్నాను. తెల్లవారి పది గంటలకల్లా లాగిన్ పోయింది.

పేరు నమోదు చేసిన కంపెనీకి ఇంగ్లీషులో మెయిల్ రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. తమ లెక్కలో ఖాతా ఎవరిదైతే పేరు వారిదేనట. వాళ్ళ తప్పు కాదు, నా తప్పూ పెద్దది కాదు, నాకు చెప్పేవాళ్ళు లేరు. మీకు నేను చెబుతున్నాను: సైటు ఎవరితోనైనా కట్టించుకోండి, పేరు మాత్రం మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీ కార్డుతో మీరే కొనండి. పది నిమిషాల పని. అక్క కొడుకైనా సరే, వాడి ఖాతాలో కొననివ్వొద్దు.

తర్వాత నా దగ్గర ఏమున్నాయో చూసుకున్నాను. ఒప్పందం కాగితం లేదు. డబ్బు పంపినప్పుడు ‘3 డొమైన్లు, హోస్టింగు’ అని నేను రాసిన మాట ఉంది. ‘డొమైన్లు మీవే సార్’ అని ఆయన పెట్టిన వాట్సాప్ ఉంది. అన్నీ ప్రింటు తీశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. షాపుకు కాగితాలు టైపు చేయించుకోవడానికి వచ్చే వకీలు గారు ఒకరు పైసా తీసుకోకుండా నోటీసు రాసిచ్చారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు విషయానికి కేసు ఫీజు లేదని అప్పుడే తెలిసింది. నోటీసు టైపు చేసింది నేనే. నా మీద పడ్డ మాటకు జవాబు నా కీబోర్డు మీదే కొట్టుకున్నాను. స్పీడ్ పోస్టులో పంపాను.

ఈలోగా గడువు దాటింది. మూడు సైట్లూ ఒకే రోజు పోయాయి. ఒంగోలు నుంచి ఒక మాస్టారు ఫోన్ చేసి ‘మీ సైటులో ఏవో ప్రకటనలు వస్తున్నాయేందండీ’ అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. గడువు దాటగానే పేరు గాల్లో కలిసిపోదు, అది తెలుసుకున్నాక కాస్త ఊపిరి వచ్చింది. డాట్ కామ్‌కు గడువు దాటాక మామూలు ధరకే రెన్యువల్ చేసుకునే వెసులుబాటు 45 రోజుల దాకా ఉండొచ్చు, కంపెనీని బట్టి తక్కువా ఉండొచ్చు. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్, అందులో విడిపించుకోవాలంటే జరిమానా పెద్దది. చివర 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. క్యాలెండరులో మూడు తేదీలు ఎర్ర పెన్నుతో చుట్టి షాపులో తగిలించాను.

నోటీసు అందిన తొమ్మిదో రోజు ఆయనే ఫోన్ చేశాడు. ‘కేసుల దాకా ఎందుకన్నా, మనం మనం’ అన్నాడు. అదే కంపెనీలో నన్ను ఖాతా తెరవమని, నాణేలు, పక్షులు రెండూ నా ఖాతాలోకి నెట్టాడు. ఒకే కంపెనీలో అయితే ఆథ్ కోడ్ గొడవ కూడా లేదు, నిమిషాల్లో అయిపోయింది. రెన్యువల్ డబ్బు నేనే కట్టాను. మిద్దె తోట పేరు మాత్రం పని మానేసిపోయిన కుర్రాడి ఖాతాలో ఉందట, పాస్‌వర్డు తెలియదట. నేను నమ్మలేదు. నిజమే అనుకున్నా, అది నాకింకా ఘోరంగా తోచింది. మా ఆవిడ ఏడాది కష్టం ఎవరో కుర్రాడి మెయిల్‌లో పడి ఉందన్నమాట.

రెండు సైట్లూ కొత్త హోస్టింగులో నేనే నిలబెట్టాను. నేమ్‌సర్వర్లు (పేరు ఏ హోస్టింగుకు పోవాలో చెప్పేవి) మార్చాక ఒక రోజు ఆగాను. సైటు భద్రత (https) సర్టిఫికెట్ కోసం డబ్బు అడిగితే కట్టకండి, ఉచితంగా వచ్చేది సరిపోతుంది. ఒకచోట నాలుగు రోజులు పోయాయి: గూగుల్‌లో మా కొత్త వ్యాసాలు ఒక్కటీ రావడం లేదు. వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజిన్లను రావొద్దని చెప్పే చిన్న గడి ఉంటుంది. సైటు కట్టేటప్పుడు టిక్కు పెట్టి, తీయడం మరిచిపోయాను. టిక్కు తీశాక వారంలో కనిపించాయి.

ఎర్ర పెన్నుతో చుట్టిన చివరి తేదీ మొన్న దాటింది. పొద్దున్నే మిద్దె తోట పేరు కొందామని చూస్తే అప్పటికే ఎవరో కొనేశారు. అందులో ఇప్పుడు పందేల ఆటల ప్రకటనలు. పిండినల్లి పట్టిన మందారానికి వేపనూనె ఎంత కలపాలో మా ఆవిడ రాసిన చోట. ఆమె చూసి ఏమీ అనలేదు. మిద్దె మీదకు పోయి చాలాసేపు నీళ్ళు పట్టింది.

నిన్న మధ్యాహ్నం షాపుకు క్యారియరు తెచ్చి, ‘కొత్త పేరు అనుకున్నాను, కంప్యూటరు ముందు నుంచి లేవండి’ అంది. డాట్ ఇన్‌లో పేరు దొరికింది. మెయిల్ తనది, కార్డు తనది. ఓటీపీ తన ఫోన్‌కు వచ్చింది, తనే కొట్టింది. పాత వ్యాసాలన్నీ హార్డ్ డిస్కులో ఉన్నాయి. రాత్రి పదిన్నరకు మొదటిది ఎక్కించాం, ఉప్పునీళ్ళకు తట్టుకునే మొక్కల గురించి.