ముక్తినాథ్ దారిలో వందనోట్లు

2023 అక్టోబరులో అమ్మను నేపాల్ కొండల్లోని విష్ణు క్షేత్రం ముక్తినాథ్ తీసుకువెళ్లాను. బయలుదేరడానికి నెల ముందు నుంచే ఆమె చిక్కడపల్లి కూరగాయల అంగట్లో, మందుల షాపులో అడిగి అడిగి వందనోట్లు పోగుచేసింది. మొత్తం యాభై ఒకటి. పసుపు రాసిన గుడ్డలో మూటకట్టి, అది దేవుడి దక్షిణ అని, నన్ను ముట్టుకోవద్దని చెప్పింది.

నా ధైర్యమంతా కార్డు మీదే. వంద కంటే పెద్ద మన నోట్లను నేపాల్ 2018 డిసెంబరులోనే నిషేధించిందని తెలుసు కనుక, సోనౌలి సరిహద్దులో కొంత డబ్బు మాత్రం నేపాలీ రూపాయలుగా మార్చుకున్నాను. పోఖరా చేరేసరికి అది సగమైంది. జోమ్‌సోమ్ దాకా బస్సు, అక్కడి నుంచి జీపు. కాళీగండకి ఒడ్డున దుమ్ము, గాలి. సాలగ్రామాలు దొరికే నది కదా, అమ్మ కిటికీ వదల్లేదు.

గుడి కింద రాణిపౌవాలో ఒక చిన్న లాడ్జిలో దిగాం. అద్దె పదిహేను వందలు అనగానే అమ్మ తన హైదరాబాదీ హిందీలో "ఐసీనా, ఎన్‌సీనా?" అని అడిగింది. ఐసీ అంటే మన రూపాయి, ఎన్‌సీ అంటే వాళ్లది. రైల్లో పక్కావిడ నేర్పిన మాట అది. మన వంద వాళ్లకు నూట అరవై. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే తేడా ఎంతో లెక్క వేసుకోండి.

అడగాల్సిన రెండో ప్రశ్న నేను అడగలేదు: కార్డు తీసుకుంటారా అని. రెండో రోజు పొద్దున లెక్క చూస్తే గదికి, భోజనాలకు కలిపి 4,800 ఎన్‌సీ. నా దగ్గర అంత లేదు. ఆ ఇంట్లో కార్డు మెషీనే లేదు. పక్క హోటల్లో ఉంటే అక్కడ కార్డు గీసి చూశాను, చెల్లలేదు. 2020 నుంచి మన బ్యాంకులు కొత్త కార్డులను దేశం లోపలి వాడకానికే ఇస్తున్నాయి. విదేశీ వాడకాన్ని మనమే తెరుచుకోవాలి. ఆ పని ఇంట్లో ఉండగా ఐదు నిమిషాల్లో అయ్యేది. అక్కడ నా ఫోనుకు సిగ్నల్ లేదు, కరెంటు పోయి వైఫై కూడా లేదు.

లాడ్జి ఆవిడ తొందరపెట్టలేదు. "ఆమా, దర్శనం చేసుకుని రండి, తర్వాత చూద్దాం" అంది. అమ్మ ఒప్పుకోలేదు. "ఒకరికి బాకీ ఉండి ఆ గుడి నీటి ధారల కింద తల ఎలా వంచను నాన్నా?" అంటూ పసుపు మూట విప్పింది. సరిగ్గా ముప్ఫై నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత 3,700 మీటర్లకు పైన ఉన్న ఆ కొండ మీద, మంచులా కోసే నీళ్లలో, నూట ఎనిమిది ధారల కిందా ఆమె ఒక్కటీ వదలకుండా నడిచింది. మిగిలిన ఇరవై ఒక్క నోట్లూ స్వామికి చేరాయి.

2024 మార్చి నుంచి నేపాల్ దుకాణాల్లో మన యూపీఐ కూడా పనిచేస్తోంది. మొన్న మా వీధి నుంచి ఒక జంట అదే యాత్రకు వెళుతూ ఆ మాటే చెప్పారు. అమ్మ విని, సంతోషమని, లోపలికి వెళ్లి ఒక వందనోట్ల కట్ట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.