అమ్మమ్మ స్నానాలగదికి కుళాయి

సెలవులకు విశాఖపట్నం వచ్చిన పిల్లలను అమ్మమ్మగారింట్లో చుట్టాల్లా కూర్చోబెట్టడం నాకు బొత్తిగా నచ్చదు. తెలిసిన ప్రవాస కుటుంబాల్లో ఇదే ఎక్కువగా చూస్తున్నాను. పిల్లలు వచ్చేలోపే ఏసీ పెట్టిస్తారు, స్నానాలగది మార్పిస్తారు, వాళ్లకు ఏ లోటూ రాకుండా అన్నీ అమరుస్తారు. సెలవులు అయిపోగానే పిల్లలు విమానం ఎక్కుతారు. ఆ మార్పులతో ఏడాదంతా సర్దుకుపోవలసింది మాత్రం పెద్దవాళ్లు. బీచ్ రోడ్డు, కైలాసగిరి, సింహాచలం తిప్పి చూపిస్తే సరిపోదు. ఇల్లు ఎలా నడుస్తుందో పిల్లలకు తెలియాలి, అందులో వాళ్లకూ ఒక పని ఉండాలి.

ఈసారి ఆ పని కుళాయి రూపంలో దొరికింది. పెదవాల్తేరులో మా అమ్మ ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి ఏ లోహమూ ఎక్కువ కాలం నిలవదు. స్నానాలగదిలో బకెట్టు మీది కుళాయికి పూత లేచిపోయి, మెడ దగ్గర పచ్చగా చిలుము పట్టింది. ఎంత బిగించినా నీరు కారుతూనే ఉంది. వాషర్ మార్చినా లాభం లేదని, లోపల వాషర్ ఆనే అంచే అరిగిపోయిందని ప్లంబర్ తేల్చాడు.

కొత్తది ఎంచే బాధ్యత మా అమ్మాయికి అప్పగించాను. పన్నెండేళ్ల పిల్లకు ఇదేమీ పెద్ద బరువు కాదు. షరతు ఒక్కటే: రోజూ వాడేది అమ్మమ్మ, కాబట్టి ముందు ఆవిడను అడగాలి.

అమ్మాయి మొదట చేసింది లెక్క. సెకనుకో చుక్క, చుక్కకు పావు మిల్లీలీటరు చొప్పున రోజుకు 20 లీటర్ల పైనే పోతోందని తేల్చింది. అంటే అమ్మమ్మ స్నానానికి పెట్టుకునే నిండు బకెట్టు! రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి ఈ ఊరికి నీరు ఎలా వస్తుందో, పొద్దున కాసేపు వచ్చే ఆ నీటిని సంపులో పట్టి మోటారుతో మేడమీదికి ఎందుకు ఎక్కిస్తామో అప్పుడు చెబితే శ్రద్ధగా విన్నది. మామూలుగా చెప్పి ఉంటే వినేది కాదు.

న్యూజెర్సీలో మా ఇంట్లో ఉన్నలాంటి, ఒకే పిడి ఉన్న మిక్సర్ కుళాయి ఇక్కడా పెడదామన్నది దాని మొదటి ఆలోచన. ఈ మాట పెద్దవాళ్లు కూడా అంటారు, సూట్‌కేసులో కుళాయిలు మోసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. అలా తేవద్దని గట్టిగా చెబుతాను. అమెరికాలో వాష్‌బేసిన్ కుళాయి నిమిషానికి 2.2 గాలన్లు, అంటే సుమారు 8.3 లీటర్లు మించి ఇవ్వకూడదు. ఆ కొలత 60 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర, అంటే 4 బార్ల దగ్గర తీసుకున్నది. మన ఇళ్లలో నీరు మేడమీది ట్యాంకు నుంచి తన బరువుతోనే దిగుతుంది. ట్యాంకు 4 మీటర్ల ఎత్తున ఉంటే ఒత్తిడి 0.4 బార్, అక్కడి దానిలో పదో వంతు. అక్కడ ధారగా వచ్చేది ఇక్కడ సన్నగా కారుతుంది. పైగా అర అంగుళం గొట్టానికి రెండు చోట్లా అంగుళానికి 14 మర చుట్లే ఉన్నా, మర కోణం ఇక్కడ 55 డిగ్రీలు, అక్కడ 60. బిగిసినట్టే ఉండి కారుతుంది.

"అమ్మమ్మా, నీకు ఎలాంటిది కావాలి?" అని అడిగింది చివరికి.

"పట్టుకుని తిప్పేది వద్దు తల్లీ, నా వేళ్లు సహకరించడం లేదు. తోస్తే తిరిగేది కావాలి. బకెట్టు గోడకు ఆనించి పెడితే నీళ్లు లోపలే పడాలి. తొందరగా నిండాలి."

అమ్మాయి టేపు పట్టుకుని గోడ నుంచి బకెట్టు అంచు దాకా, నేల నుంచి గొట్టం దాకా కొలిచి రాసుకుంది.

సీతమ్మధారలో శానిటరీ దుకాణం పెద్దాయన ఓపికమంతుడు. చూడటానికి అచ్చంగా ఒకేలా మెరిసే రెండు కుళాయిలను అమ్మాయి రెండు అరచేతుల్లో పెట్టి, "ఏది ఇత్తడో చెప్పు పాపా" అన్నాడు. అయస్కాంతం రెండింటికీ అంటుకోదు, కాబట్టి బరువే గుర్తు. జింకు మిశ్రమంతో చేసింది తేలిక. అమ్మాయి కళ్లు మూసుకుని, చేతులు పైకీ కిందికీ ఆడించి, కుడిచేతిలోదే ఇత్తడి అని సరిగ్గా చెప్పింది. ఉప్పుగాలికి పీటీఎంటీ ప్లాస్టిక్ కుళాయి కూడా మంచిదేనని, చిలుము పట్టదని, ధర కూడా తక్కువని ఆయన నిజాయితీగా చెప్పాడు. అయినా చేతికి నిండుగా ఉండాలని ఇత్తడిదే తీసుకున్నాం: గోడ నుంచి పొడవుగా ముందుకు వచ్చే లాంగ్ బాడీ బిబ్ కాక్, లోపల వాషర్‌కు బదులు సిరామిక్ డిస్కు, పావు చుట్టు తోస్తే తెరుచుకునే పొడవాటి పిడి. మూతి దగ్గర నురుగు జాలీ లేనిదే అడిగింది అమ్మాయి. నీటిలోని ఉప్పులకు జాలీలో తెల్లని గార పడుతుంది, బకెట్టు నిండటమూ ఆలస్యం.

బిగించే రోజు ప్లంబర్ ముందు గొట్టంలోని నీటిని కాసేపు వదిలాడు. ఇసుక రేణువు ఇరుక్కుంటే సిరామిక్ డిస్కు గీరుకుపోతుంది. టెఫ్లాన్ టేపు మర తిరిగే వైపే చుట్టాలని చూపించి, రెండో విడత చుట్టే పని మా చిన్నవాడి చేతికిచ్చాడు. వాడు నాలుక బయటపెట్టి, ముడత రాకుండా చుట్టాడు. అమ్మ మోచేత్తో తోసి చూసి, "ఇది నా చేతికి సరిపోయింది" అన్నది.

తిరిగి వచ్చాక పిల్లల ఫోను మాటల్లో తేడా కనిపిస్తోంది. ఇదివరకు "బాగున్నావా, భోంచేశావా" దగ్గరే ఆగేవి. ఇప్పుడు కుళాయి కారుతోందా, ట్యాంకు కడిగించావా అని నిలదీస్తున్నారు. వంటింటి సింకుకు మెడ తిరిగే కుళాయి పెట్టాలని అమ్మాయి, పాతదే బాగుందని అమ్మమ్మ. రెండు వారాలుగా ఆ వాదన తెగడం లేదు.