తెరమీది బాణం, కారు కింది రోడ్డు

నా కారుతోపాటే వచ్చిన నావిగేషన్ పరికరాన్ని చాలా ఏళ్లుగా వాడుతున్నాను. కొత్త చోటికి అది లేకుండా బయలుదేరను. అయితే నేనెక్కడ ఉన్నానో కొలిచి చెప్పే ఆ పరికరం, ఏ రోడ్డు మీద ఉన్నానన్నది మాత్రం మ్యాపును బట్టి ఊహిస్తుందని తెలుసుకున్నాకే దాన్ని సరిగ్గా వాడుకోవడం నాకు అలవడింది.

సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, అది తన స్థానాన్ని లెక్కగట్టుకుంటుంది. పౌరులకు అందే సంకేతాలలో కావాలని కలుపుతూ వచ్చిన దోషాన్ని అమెరికా 2000 మే నెలలో ఆపేసింది. ఇప్పుడు ఆకాశం తెరిపిగా ఉన్నచోట తేడా కొద్ది మీటర్లే.

ఫ్లైఓవర్ మొదట్లో ఆ కొద్ది మీటర్లే చిక్కు తెచ్చిపెడతాయి. పైకెక్కే దారీ, దాన్ని ఆనుకొని కిందుగా సాగే సర్వీసు రోడ్డూ పక్కపక్కనే ఉండడంతో పరికరం ఏదో ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఒక వర్షపు రాత్రి నేను కింద వెళ్తుంటే బాణం వంతెన మీద కదిలింది. కుడికి తిరగవలసిన కూడలిలో నేరుగా వెళ్లమన్న మాట నమ్మి ముందుకు పోయి, యూటర్న్ కోసం చాలా దూరం వెతుక్కున్నాను. అప్పటినుంచి ఫ్లైఓవర్ కనిపించగానే రోడ్డు మీది బోర్డులనే చదువుతున్నాను.

సొరంగంలో మాత్రం అది చూపే నేర్పు నాకెంతో ఇష్టం. సంకేతాలు తెగిపోయినా, చక్రాల వేగాన్నీ కారు తిరిగిన కోణాన్నీ కొలిచే సెన్సర్ల సాయంతో బాణాన్ని ముందుకు నడుపుతూనే ఉంటుంది.

తెరకేసి చూస్తూ నడపడం నాకు ససేమిరా నచ్చదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు చూపు మళ్లిస్తే కారు 33 మీటర్లు వెళ్లిపోతుంది. అందుకే బండి కదలకముందే చిరునామా ఎక్కించి, దారి మొత్తం ఒకసారి చూసుకొని, ఆపైన గొంతునే వింటాను.

ఇక మ్యాపును అప్‌డేట్ చేయడం నేనూ చాలాకాలం వాయిదా వేశాను. కొత్త బైపాస్ ఎక్కిన ప్రతిసారీ బాణం ఏ రోడ్డూ లేని ఖాళీ జాగాలో తేలుతూ, వెనక్కి తిరగమని పదేపదే చెప్పేది. పోయిన నెల అప్‌డేట్ చేసి అదే దారిన వెళ్తే, బాణం కింద రోడ్డు గీత కనిపించింది.