సోషల్ ఎంటర్‌ప్రైజ్ పాడ్‌కాస్ట్: మొదటి ఏడాదికి కుదిరిన పద్ధతి

సామాజిక వ్యాపారాలు నడిపేవాళ్లతో తెలుగులో చేస్తున్న పాడ్‌కాస్ట్‌కు ఏడాది నిండింది. ప్రశ్నలు, మైకులు, ఎడిటింగ్, ఫైళ్ల విషయంలో ఇప్పటికి కుదిరిన పద్ధతి ఇది. అన్నిటికంటే ఎక్కువగా మారినవి ప్రశ్నలు కాబట్టి ముందు వాటి సంగతి.

"ఈ ఆలోచన మీకెలా వచ్చింది?" అని మొదలుపెడితే ప్రతి వేదిక మీదా చెప్పే జవాబే వస్తుంది. వినడానికి బాగుంటుంది, పని ఎలా నడుస్తోందో మాత్రం తెలియదు. అందుకని ఇప్పుడు మొదటి మాట "ఒక్కదానికి లెక్క చెప్పండి." పాల సంఘమైతే ఒక లీటరు, చేనేత అయితే ఒక మీటరు, కంటి ఆసుపత్రి అయితే ఒక శుక్లాల ఆపరేషన్. లీటరు పాలు తీసుకుంటే ఎంత ఫ్యాట్‌కి, ఎంత ఎస్‌ఎన్‌ఎఫ్‌కి (పాలలో కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థం) ఆ ధర? పోసిన రైతుకు ఎంత? ఊళ్లోంచి చిల్లింగ్ సెంటర్‌కి రవాణా ఎంత? ప్యాకెట్ ఫిల్ముకి, ఏజెంటు కమీషన్‌కి ఎంత? చివరికి మిగిలేది ఎంత, అది ఎవరి ఖాతాలో పడుతుంది? ఫ్యాట్ అడక్కుండా ధర అడిగితే ఆవు పాలు, గేదె పాలు ఒకే గాటన పడి, ఆ అంకె దేనికీ పనికిరాదు.

ఈ ఒక్క ప్రశ్నను రెండు రోజుల ముందే వాట్సాప్‌లో పంపాలి. అంకెలు చూసుకుని రావడానికి అతిథికి టైం కావాలి. మిగతావి పంపకూడదు. పంపితే జవాబులు రాసుకొచ్చి చదువుతారు, ఆ చదువు గొంతును ఏ ఎడిటింగూ మార్చలేదు.

రెండో ప్రశ్న "డబ్బు కట్టలేనివాళ్ల ఖర్చు ఎవరు భరిస్తున్నారు?" డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి దీనికి తిరుగులేని ఉదాహరణ. ఫీజు కట్టగలిగినవాళ్ల డబ్బుతోనే కట్టలేనివాళ్లకూ ఆపరేషన్లు నడిచాయి. అది సాధ్యపడటానికి కారణం పని జరిగే తీరు. ఒక ఆపరేషన్ సాగుతుండగానే పక్క టేబుల్ మీద తర్వాతి రోగి సిద్ధంగా ఉంటారు, డాక్టరు సమయం వృథా పోదు. ఆపరేషన్లో కంట్లో పెట్టే దిగుమతి లెన్సుల ధర పేదలకు అందదు కాబట్టి 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు తామే తయారుచేసుకున్నారు. అతిథి "మేం ఉచితంగా చేస్తాం" అన్నప్పుడల్లా వెంటనే అడగాల్సింది ఇదే: ఏ ఖర్చు తగ్గించారు, ఎలా?

మూడోది "మీ దగ్గర కొనేవాళ్ల చేతికి డబ్బు ఎప్పుడొస్తుంది?" బెంగళూరు కేంద్రంగా 1995 నుంచి సోలార్ దీపాలు పెడుతున్న సెల్కో పనిలో అసలు కీలకం ఇక్కడే ఉంది. తోపుడు బండి వ్యాపారికి నెలకు 300 రూపాయలంటే భారం, అదే రోజుకు 10 అంటే కట్టగలడు. మొత్తం ఒకటే అయినా వాయిదా తీరు ఆదాయం వచ్చే తీరుతో కలవాలి. రైతులకు సరుకు అమ్మే సంస్థను పంట డబ్బు ఏ నెలలో వస్తుందో, వాయిదాలు ఏ నెలలో పెట్టారో అడిగితే, ఆ సంస్థ పొలం దాకా వెళ్లిందో లేదో అర్థమైపోతుంది.

సంస్థ చట్టపరంగా ఏమిటో కూడా తప్పక అడుగుతాం. చాలామంది దీన్ని పొడి విషయం అనుకుంటారు, వినేవాళ్లకు మాత్రం ఇదే ఎక్కువగా కావాలి. సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభాపేక్ష లేకుండా పెట్టే కంపెనీ, డివిడెండ్ పంచకూడదు. ప్రొడ్యూసర్ కంపెనీలో ఉత్పత్తిదారులూ వాళ్ల సంస్థలూ తప్ప సభ్యులు కాలేరు. విదేశీ విరాళం తీసుకునే సంస్థ అందులో పాలనా ఖర్చులకు 20 శాతానికి మించి వాడకూడదు, 2020 సవరణకు ముందు ఆ పరిమితి 50 శాతం. జీతాలు ఎక్కణ్నుంచి ఇస్తున్నారన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. తెలంగాణలోని ముల్కనూరు సంగతే తీసుకుంటే, 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో సహకార సంఘం మొదలైంది, 2002లో మహిళల డెయిరీ వచ్చింది. ఆ డెయిరీ 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైంది. సభ్యుల సొంత డబ్బు, సొంత నిర్ణయం అనే సూత్రం మీద నిలబడ్డ చట్టం అది. "లాభం ఎవరిది, నిర్ణయం ఎవరిది" అనే రెండు ప్రశ్నలకూ అక్కడ జవాబు ఒక్కటే, సభ్యులు.

ఎదుగుదల గురించి అడిగేటప్పుడు 2010 గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒక పెద్ద మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే) సంస్థ షేర్ మార్కెట్‌లోకి వచ్చింది, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఒకే మహిళకు అనేక అప్పులు, వసూళ్లలో ఒత్తిడి ఆ పరిస్థితికి దారితీశాయి. ఆ తర్వాత వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. అందుకే "ఎన్ని జిల్లాలకు వెళ్లారు?" కన్నా "ఎక్కడ వద్దనుకున్నారు, ఎందుకు?" అనే ప్రశ్నకు వచ్చే జవాబు విలువైనది.

ఇక శబ్దం

ఈ అతిథులు స్టూడియోకి రారు, రమ్మనకూడదు కూడా. పని జరిగే చోటే మాట సహజంగా వస్తుంది. కాబట్టి కండెన్సర్ మైక్ వద్దు, అది గది మొత్తాన్నీ వింటుంది. ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకులు రెండు, మనిషికొకటి, విడివిడి ట్రాకుల్లో. మైక్ నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. నేరుగా పెడితే 'ప', 'భ' పలికినప్పుడు గాలి కొడుతుంది. రికార్డర్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్‌లో, గొంతు గట్టిగా లేచినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా. ఈ లెక్కన రెండు ట్రాకులకు గంటకు సుమారు 1 జీబీ పడుతుంది, 32 జీబీ కార్డు ధారాళంగా సరిపోతుంది.

తిరుగుతూ చూపించేవాళ్లకు కాలర్ మైక్ తప్పదు. అప్పుడు బట్టలే శత్రువులు. గంజి పెట్టిన చొక్కా, పట్టు చీర గరగరమంటాయి. పైటకు క్లిప్ చేస్తే పైట సర్దుకున్న ప్రతిసారీ మైక్ కదులుతుంది. జాకెట్ మెడ అంచుకు పెట్టి, వైరు కింద చిన్న చుట్ట వేసి టేపు అంటించాలి. గొలుసు మైక్‌కి తగలకుండా ఒక పక్కకు జరపమని ముందే అడగాలి. గాజుల చప్పుడు చేతులు టేబుల్ మీద ఉన్నప్పుడే ఎక్కువ, ఒళ్లో పెట్టుకుంటే చాలావరకు పోతుంది. రికార్డింగ్ మధ్యలో ఇవన్నీ చెబితే మనిషి బిగుసుకుపోతారు, మొదలుపెట్టక ముందే ముగించాలి.

ఫ్యాన్ ఆపాల్సిందే. వేసవిలో అది సాధ్యం కాదు కాబట్టి పొద్దున్న 6 నుంచి 8 లోపు రికార్డింగ్ పెట్టుకుంటాం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచే గదిలో 50, 100 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమనే హమ్ వస్తుంది, రికార్డర్ బ్యాటరీ మీద ఉంటే అది చాలావరకు రాదు. టైల్స్ నేల, ఖాళీ గోడలున్న శ్లాబు గది మోగుతుంది. అక్కడికన్నా బట్టల బేళ్లున్న గోడౌన్ ఎంతో మేలు. గోడౌన్ లేకపోతే అతిథికి ఎదురుగా, వెనకా బొంతలు గానీ పరుపులు గానీ నిలబెట్టినా పని జరుగుతుంది.

మగ్గం పక్కన కూర్చుని మాట్లాడించాలని అందరికీ ఉంటుంది. అలా చేయకూడదు. మగ్గం ఆడే చప్పుడుకు లయ ఉంటుంది. మాటలో ఎక్కడ కత్తెర వేసినా ఆ లయ తెగి, కోత వినబడిపోతుంది. మగ్గాన్ని విడిగా రెండు నిమిషాలు రికార్డు చేసి, మాటలు పక్క గదిలో తీసుకుని, ఎడిటింగ్‌లో కింద సన్నగా కలపాలి. పాల కేంద్రంలో కంప్రెసర్‌కీ ఇదే దారి. ఎక్కడైనా చివర్లో అందరూ నిశ్శబ్దంగా ఉండగా 30 సెకన్ల గది శబ్దం తీసుకోవాలి, కోతల మధ్య అతుకు వేయడానికి అదే ఆధారం.

దూరంగా ఉన్న అతిథి అయితే ఎవరి ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డవ్వాలి. తర్వాత రెండు రికార్డింగులను కలపడానికి మొదట్లో ఒకసారి చప్పట్లు, చివర్లో ఇంకోసారి. రెండు పరికరాల గడియారాలు సరిగ్గా కలవవు, గంట గడిచేసరికి మాటలు ఒకదానిమీద ఒకటి పడతాయి. చివరి చప్పట్లు ఉంటే ఎంత సాగదీయాలో తెలుస్తుంది.

ఎడిటింగ్ వరుస మార్చకూడదు. 80 హెర్ట్జ్ కింది గుర్రు శబ్దం కోత, తేలికపాటి నాయిస్ రిడక్షన్, మాటల కోతలు, 3:1 కంప్రెషన్ (గట్టి, మెల్లని మాటల మధ్య తేడా తగ్గించడం), చివరిగా లౌడ్‌నెస్. నాయిస్ రిడక్షన్ 6 నుంచి 9 డెసిబెల్స్ చాలు, అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. తెలుగుకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు దిగుతుంది, క్రియా, 'లేదు', 'కాదు' ఉండేదీ అక్కడే. "ఆ ఏడాది బోనస్ ఇవ్వలేదు" అన్నదాంట్లో చివరి అక్షరాలు వినబడకపోతే బోనస్ ఇచ్చారో లేదో తెలియదు. అలాంటి చోట్ల కంప్రెసర్‌ను నమ్ముకోకుండా చేత్తోనే 3, 4 డెసిబెల్స్ పెంచుతాం. "అంటే", "కదండీ" అన్నీ తీసేయకూడదు, తీస్తే మనిషి మనిషిలా వినిపించరు. అంకె చెప్పే ముందు వచ్చే ఆలోచన విరామాన్ని అసలే తాకకూడదు.

విడుదలకు మోనో ఎంపీ3, 64 కేబీపీఎస్. 40 నిమిషాలకు 19 ఎంబీ చిల్లర, రోజువారీ డేటా ప్యాక్‌తో వినేవాళ్లకు భారం కాదు. లౌడ్‌నెస్ మోనోకి మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), స్టీరియో అయితే మైనస్ 16, పీక్ మైనస్ 1 డెసిబెల్. కవర్ చిత్రం 3000 పిక్సెళ్ల చదరం, అక్షరాలు ఫోన్‌లో బొటనవేలి గోరంత సైజులోనూ చదవగలగాలి. హోస్టింగ్ ఎంచుకునే ముందు, రేపు వేరే చోటికి మారితే పాత ఫీడ్ అడ్రసును (వినేవాళ్ల యాప్‌లు ఎపిసోడ్లు తెచ్చుకునే లింకు) కొత్తదానికి మళ్లిస్తారా అని అడిగి తీరాలి. లేదంటే సబ్‌స్క్రైబర్లందరూ పోతారు.

సంఘం సభ్యుల అప్పులు, ఆరోగ్యం ప్రస్తావనకు వస్తే పేర్లు తీసేస్తాం, అతిథి చెప్పమన్నా సరే. ఆ సభ్యురాలి అనుమతి అతిథి ఇవ్వలేరు. అతిథి సంస్థ నుంచి ప్రయాణ ఖర్చులు కూడా తీసుకోం.

రెండో ఏడాది పని మొదలైంది. మొదటి ఏడాది అతిథుల దగ్గరికే మళ్లీ వెళ్లి, అదే ఒక్క లీటరు, అదే ఒక్క మీటరు లెక్క అడగడం. దానికోసం పెట్టుకున్న షీట్‌లో గడులు ఇవి: తేదీ, యూనిట్, కొలత, అమ్మిన ధర, ఉత్పత్తిదారుకు చేరింది, మధ్యలో ఖర్చు, మిగులు, ఈ అంకె ఆడియోలో ఏ నిమిషం దగ్గర ఉంది.