ప్రిన్సెస్ కట్

శనివారం, రాత్రి పదిన్నర

ఆషాఢం కాబట్టి షాపులో పెళ్లి బట్టల హడావిడి లేదు. పొద్దున షటరు తీసి, నిన్న మిగిలిన రెండు బ్లౌజులకు హుక్స్ కుట్టించి, మిషన్‌కి నూనె వేస్తుంటే ఒకామె వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. నర్సు. నైట్ డ్యూటీ దిగి, స్నానం చేసి ఇటే వచ్చిందట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను అడక్కముందే ముప్పై తొమ్మిదేళ్లని చెప్పేసింది. తమ్ముళ్ల చదువులు, చెల్లె పెళ్లి అన్నీ అయ్యాక ఇప్పుడు తన పెళ్లి. పొద్దున కాజీపేట ఫాతిమా చర్చిలో పెళ్లి, సాయంత్రం హన్మకొండలో రిసెప్షన్. చర్చికి తెల్లచీర కొనేశారు. రిసెప్షన్‌కి ఏం కావాలో చెప్పడానికే చాలాసేపు పట్టింది. ఫోన్ తీసింది, సంచిలో పెట్టింది, మళ్లీ తీసింది.

"అక్కా, నవ్వొద్దు" అని ఫోటో చూపించింది. సిండ్రెల్లా గౌను.

ఇంతకుముందు వెళ్లిన షాపులో నవ్వారట. "పిల్లల బర్త్‌డే గౌన్లు ఆ పక్కన ఉన్నయ్ మేడం" అన్నారట. వాళ్లమ్మది కూడా దాదాపు అదే మాట. "ఇగ ఈ వయసుల గౌనేంది బిడ్డా, మంచిగ పట్టుచీర కట్టుకోరాదు" అని కుర్చీలో కూర్చుంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇరవై ఏళ్లు ఇంటిని మోసిన పిల్ల తన కోసం ఒక్కటంటే ఒక్కటి అడిగితే, దానికి వయసు లెక్క చెప్పడం ఏంటి?

రోజుకు ఇరవైసార్లు నా నోట "ప్రిన్సెస్ కట్" అనే మాట వస్తుంది. "డాట్స్ పెట్టాలా, ప్రిన్సెస్ కట్టా?" అని బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ అడుగుతాను. ఇవాళ ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. చంక దగ్గర మొదలై, ఛాతీ మీదుగా వంపు తిరిగి నడుం దాకా దిగే కుట్టు అది. గుడ్డను మడిచి డాట్లు వేసే బదులు, ఒంటి వంపుకు తగ్గట్టు ముక్కలనే అలా కత్తిరిస్తాం. ఐదేళ్ల పాప ఫ్రాకుకి ఆ కట్ వేసినా, వేయకపోయినా ఒకటే. అది ఉన్నదే పెరిగిన ఆడమనిషి కోసం. డెన్మార్క్ నుంచి ఇంగ్లండ్‌కి కోడలిగా వెళ్లిన అలెగ్జాండ్రా యువరాణి మీదుగా ఆ పేరు వచ్చిందంటారు. ఆ ఫ్యాషన్ నడిచిన 1870లనాటికి ఆమె పిల్లల తల్లి. ఇదంతా వాళ్లమ్మకు చెప్పాను. ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదు. నా చేతిలోని టేపు వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాత రంగు మాట వచ్చింది. సిండ్రెల్లా గౌను అనగానే అందరికీ నీలమే గుర్తొస్తుంది గానీ, 1950 నాటి డిస్నీ కార్టూన్ సినిమాలో అది వెండి మెరుపున్న తెలుపు. బొమ్మల మీద, స్కూలు బ్యాగుల మీద నీలంగా వేసీ వేసీ అదే స్థిరపడింది. 2015లో నటులతో తీసిన సినిమాలో నీలం గౌనే తొడిగారు. ఏది కావాలని అడిగాను. "నీలమే అక్కా. తెలుపు రోజూ డ్యూటీల తొడుగుతనే ఉన్న" అంది. చర్చికి కూడా తెలుపే కదా. ఇంకేం అడుగుతాను, లేత నీలం అని రాసుకున్నాను.

2020లో అమెరికాలో డిస్నీ, అల్యూర్ బ్రైడల్స్ కలిసి ఇలాంటి రాజకుమార్తెల పేర్లతో పెళ్లి గౌన్లు తెచ్చాయి. ఆ ఫోటోలు నా ఫోన్లో దాచుకున్నాను, ఆమెకూ చూపించాను. సినిమాలోని డ్రెస్సును అచ్చు దించకుండా, ఒక్కో రాజకుమారి గుర్తుకొచ్చేలా ఏదో ఒకటి తీసుకుని మిగతాది పెళ్లికూతురికి వదిలేయడం నాకు బాగా నచ్చింది. మేమూ అదే దారి పట్టాం. సిండ్రెల్లా దగ్గర రంగు, గుండ్రటి ఘేరు మాత్రం తీసుకుంటాం. నడుం పక్కల ఆ ఉబ్బు, మెడకు నల్ల పట్టీ వద్దు. పైభాగం ప్రిన్సెస్ కట్, మోచేతుల దాకా చేతులు.

కొలతలు తీశాను. నడుం ముప్పై నాలుగు అంగుళాలు. నడుం నుంచి నేల దాకా, చెప్పులతో, నలభై ఒకటి. హీల్స్ వద్దంది. రోజంతా నిలబడే కాళ్లు, పెళ్లినాడైనా సుఖంగా ఉండనీ. ముప్పై నాలుగును 6.28తో భాగిస్తే ఐదున్నర అంగుళాలకు కాస్త తక్కువ. అది నడుం కోసం మధ్యలో కోసే గుండ్రం వ్యాసార్ధం. దానికి పొడుగు కలిపితే నలభై ఆరున్నర దాకా వస్తుంది. నెట్ పన్నా, అంటే గుడ్డ వెడల్పు, యాభై ఎనిమిదే కాబట్టి పూర్తి వలయం ఒకే ముక్కలో రాదు, రెండు అర్ధ వలయాలు కోసి కలపాలి. పొరకు సుమారు నాలుగు ముప్పావు మీటర్లు. నాలుగు పొరలంటే పందొమ్మిది మీటర్ల నెట్. లోపల సాటిన్ లైనింగ్, దాని కింద ఘేరు ఉబ్బి నిలబడేలా గట్టి నెట్‌తో కేన్‌కేన్, ఒంటికి గుచ్చుకోకుండా మళ్లీ ఒక మెత్తటి లైనింగ్.

పందొమ్మిది మీటర్లంటే వాళ్లమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. షాంపిల్ నెట్ ఆమె అరచేతిలో పరిచాను. కింద చేతిగీతలు కనిపిస్తున్నాయి. "సాలెగూడు లెక్కుంది" అంది. మార్కో పోలో కూడా ఆ మాటే రాశాడు. 13వ శతాబ్దం చివర్లో మన కాకతీయుల రేవు మోటుపల్లి గురించి చెబుతూ, ఇక్కడి సన్నబట్ట సాలెగూడులా ఉంటుందని, ఏ రాజైనా రాణి అయినా ఇష్టంగా తొడుక్కుంటారని రాశాడు. నేసింది మనవాళ్లే. అలాంటి బట్ట మన ఆడవాళ్ల ఒంటికి కొత్త ఎట్లా అవుతుంది?

షాపులో ఉన్న పాత కేన్‌కేన్‌ను ఆమె చుడీదార్ మీదే తొడిగించాను. కూర్చోమన్నాను, మెట్టు ఎక్కి దిగమన్నాను, చేతులు పైకెత్తమన్నాను. వార్డులో నడిచే నడకే వచ్చింది, గబగబా. రెండు దారపు కోన్లు దొర్లిపోయాయి. వాళ్లమ్మ లేచి, నేలకు రాసుకుంటున్న అంచును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. "మా అవ్వ ఏడుమల్లెలెత్తు రాజకుమారి కథ చెప్పేది" అంది, కూతురితో కాదు, నాతో. మన కథల్లో రాజకుమారి బరువు చెబుతారు గానీ, ఏం కట్టుకుందో చెప్పరు. ఏడు మల్లెపూలతో తూగే పిల్లకు గౌను కుట్టడం నావల్ల కాదు. రాత్రంతా పేషెంట్లను లేపి, తిప్పి, పట్టుకునే ఈమెకైతే కుట్టగలను. నడుం పట్టీ గట్టిగా వేయాలి, పొరల బరువంతా దాని మీదే పడుతుంది. పక్క కుట్టులో జేబు కూడా అడిగింది. ఫోన్ కోసమట. రాత్రిపూట వార్డు నుంచి ఫోన్లు వస్తుంటాయి, పెళ్లినాడు వచ్చినా ఎత్తాలట. నెట్ పొరల మధ్య నుంచి జేబులోకి చెయ్యి వెళ్లేలా సందు ఎలా వదలాలా అని మధ్యాహ్నం అన్నం తింటూ కూడా అదే ఆలోచన. మొదటి రెండు పొరలకు మాత్రం చీలిక పెట్టి, అంచు పైపింగ్ చేస్తే సరిపోతుంది.

సాయంత్రం నలుగురైదుగురు ఫాల్స్‌కి, ఆల్టరేషన్లకి వచ్చారు. పెద్ద పనేం లేదు.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. వాళ్లమ్మ. గౌను వద్దని చెప్పడానికేమో అనుకున్నాను. కాసేపు వాన గురించి మాట్లాడింది, నేను తిన్నానో లేదో అడిగింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "బిడ్డా, ఆ లోపలేసే నీలం గుడ్డ మిగుల్తదా? నా తెల్లచీర మీదికి జాకెట్ అయితదేమో" అంది.

సోమవారం బట్టల బజార్‌కి వెళ్లాలి. లిస్టులో సాటిన్ ఎదురుగా ఇంకో మీటరు కలిపి రాసుకున్నాను.